పాస్‌వర్డు ఒక్కరికే తెలిస్తే

పక్షవాతం వచ్చిన కొందరికి మాట పడిపోతుంది. బీమా కాగితం ఆయన ఈ-మెయిల్‌లో ఉంటుంది, పాస్‌వర్డు ఆయన మనసులో ఉంటుంది. బిల్లు కౌంటరు దగ్గర భార్యాపిల్లలు ఊహించి నొక్కుతూనే ఉంటారు. ఇలాంటివి మేము చూశాము.

ఇంట్లో చిన్న నోటుపుస్తకం పెట్టండి. ఒక్కొక్క ఖాతా పేరు, పాస్‌వర్డు రాసి, ఇంటి పత్రాలతో బీరువాలో తాళం వేయండి. ఎక్కడుందో నమ్మకమైన ఒక్కరికి చెప్పండి. రాయకూడదని చాలామంది అంటారు గాని, అన్నింటికీ ఒకే పాస్‌వర్డు పెట్టడమే ఎక్కువ ప్రమాదమని మా అభిప్రాయం. ఒకచోట దొరికినదాన్ని దొంగలు మిగతాచోట్ల కూడా ప్రయత్నిస్తారు. ఏటీఎం, యూపీఐ పిన్‌లు మాత్రం రాయవద్దు. కేసుషీటు అట్టమీద రాసుకొచ్చేవారూ ఉన్నారు!

పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు వద్దు. సంబంధంలేని నాలుగు మాటలు కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఉదాహరణకు: గొళ్ళెం, నిచ్చెన, పావురం, మజ్జిగ. గొళ్ళెం తీసి, నిచ్చెనెక్కి, పావురానికి మజ్జిగ పోసినట్టు ఊహించుకుంటే గుర్తుంటుంది. ఇవే పెట్టకండి, మీ మాటలు మీరే ఎంచుకోండి.

ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే, మా ఆసుపత్రి పేరు చెప్పినా సరే, ఇవ్వవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి.