ఉభయకుశలోపరి లేని ఉత్తరములు

ఒకప్పుడు ఉత్తరము వ్రాయుట ప్రత్యేకముగ నేర్వవలసిన విద్య. పైన కుడివైపున ఊరు, తేది, పెద్దలకైన ‘మహారాజశ్రీ’, చిన్నలకైన ‘చిరంజీవి’, పిమ్మట ‘ఉభయకుశలోపరి’. ఆ మాటలలో కొంత మొక్కుబడి లేకపోలేదు. అయినను తాను వ్రాయునది ఎవరికో, వారు తనకేమగుదురో మొదటి పంక్తిలోనే తలచుకొనవలసి వచ్చెడిది. లేఖారచన నేటి తెలుగు వాచకములలోను ఉన్నది. కాని ఆ పాఠము చదివిన బాలుడే సాయంకాలము ఉపాధ్యాయునకు పంపు మెసేజిలో సంబోధన ఉండదు, సంతకమును ఉండదు.

నిర్మల్ జిల్లాలోని ఖానాపూరు (2016 వరకు ఇది ఆదిలాబాదు జిల్లాలోనిది) వంటి చోట ఈ చిక్కునకు మరియొక ముడి కలదు. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి, తెలంగాణ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. సందేహములకు, హోంవర్కునకు వాట్సాప్ గ్రూపులే దారి అయినవి. అట్లు తండ్రి ఫోను పిల్లల చేతికి వచ్చినది.

ఈ ప్రాంతపు పల్లెలలో పిల్లలు కన్నతండ్రిని ‘బాపూ, నువ్వు’ అనియే అందురు. ‘సార్, రేపు బడికొస్తవా?’ అని ఉపాధ్యాయుని అడుగుదురు. ఎదుట నిలిచి, నవ్వుచు అడిగినప్పుడు ఆ ఏకవచనములో చనువే గాని అమర్యాద లేదు. ఇంట గోండియో లంబాడీయో మాటలాడి, బడిలో తెలుగు నేర్చుకొను పిల్లలకు ‘నువ్వు’, ‘మీరు’ల భేదము మరింత ఆలస్యముగ పట్టుబడవచ్చును. ఆ వాక్యమే ఫోను తెరమీదికి ఎక్కినప్పుడు వెంట నవ్వు రాదు. వేరొక జిల్లానుండి వచ్చిన ఉపాధ్యాయునకు అది పొగరుగ తోచవచ్చును. అంతట ఆయన గ్రూపులో, తల్లిదండ్రులందరు చూచుచుండగా మందలించినచో, ఆ బాలుడు మర్యాద నేర్వడు, అడుగుట మానును.

అందుచేత మందలింపునకు ముందు పాఠము కావలెను. జ్వరము వచ్చి బడికి రాలేనని మొదట కాగితముపై లేఖ వ్రాయించి, దానినే మూడు వాక్యములకు కుదింపజేయవచ్చును: ‘నమస్కారం సార్. నేను ఎనిమిదవ తరగతి లక్ష్మిని. జ్వరం వలన రేపు రాలేను, లెక్కల హోంవర్కు తెలుపగలరా?’ పేరు చెప్పుట ఇచట అలంకారము కాదు. ఫోను తండ్రిది, ఉపాధ్యాయునకు కనబడునది తండ్రి పేరే. ఇంటిమాటను తప్పనక, వ్రాతలో ‘మీరు’ ఏల అవసరమో చెప్పిన చాలును.

తోటివారి నడుమ వ్రాతలకు ప్రమాదము హెచ్చు. పంపినదానిని అందరికిని చెరిపివేయు వసతిని వాట్సాప్ 2017లో కల్పించినది. కాని ఈలోగా ఎవరైన స్క్రీన్‌షాట్ తీసినచో అది చెరగదు. స్నేహితురాలి ఫొటోను పరిహాసమునకై పంపిన బాలునకు ఈ సంగతి ముందుగా తెలియవలెను. ఇక చేతికి వచ్చినదెల్ల ఇతరులకు పంపు అలవాటు: 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాల వదంతి ఇట్లే పాకి, తెలంగాణలోను అమాయకులను బలిగొన్నది. ఆ జులైలోనే వాట్సాప్ భారతదేశమున ఒక మెసేజిని ఒకమారు ఐదు చాట్లకు మించి పంపరాదని హద్దు పెట్టినది. ‘ఇది నీకెట్లు తెలియును?’ అను ప్రశ్నను మాత్రము బడియే నేర్పవలెను.

పెద్దల వ్రాతలును ఈ పాఠములో భాగమే. రాత్రి పది దాటిన తరువాత గ్రూపులో హోంవర్కు పెట్టు ఉపాధ్యాయుని పిల్లలు గమనింపకపోరు. లక్ష్మి శ్రద్ధగా వ్రాసిన మూడు వాక్యములకు బదులుగా బొటనవ్రేలి బొమ్మ ఒక్కటి వచ్చినచో, మరునాడు ఆమెయు ఆ బొమ్మనే పంపును.