సామాజిక మాధ్యమాలు – తరగతి గది

ఉద్దేశం: సామాజిక మాధ్యమాలను విద్యాసాధనంగా వినియోగించుకొనే తీరును, అందిన సమాచారంలోని సత్యాసత్యాలను పరిశీలించే పద్ధతిని తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

మాట మానవునికి లభించిన గొప్ప సాధనం. ఆ మాటను కాలదూరాలు దాటించడానికి అతడు తాళపత్రాన్ని, కాగితాన్ని, అచ్చుయంత్రాన్ని, రేడియోను, దూరదర్శన్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా సమకూర్చుకొన్నాడు. 2004లో ఫేస్‌బుక్, 2005లో యూట్యూబ్, 2009లో వాట్సాప్ ఈ వరుసలో చేరాయి. వీటినే సామాజిక మాధ్యమాలు అంటున్నాం. పత్రికలోనూ, రేడియోలోనూ చెప్పేవారు కొందరు, వినేవారు పలువురు. సామాజిక మాధ్యమంలో మాత్రం విన్నవారెవరైనా మరుక్షణమే చెప్పేవారు కాగలరు. వీటి బలమూ, ప్రమాదమూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా విద్యాసంస్థలు మూతపడ్డాయి. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. అభ్యాసపత్రాలు, సందేహాలు, సమాధానాలు వాట్సాప్ బృందాల ద్వారా చేతులు మారాయి. అంతవరకు తరగతి గదిలో నిషిద్ధ వస్తువైన ఫోను ఒక్కసారిగా తానే తరగతి గది అయింది. కళాశాలలు తిరిగి తెరిచిన తరువాత కూడా ఆ బృందాలు అనేకచోట్ల నిలిచే ఉన్నాయి. కనుక ఫోను కావాలా, వద్దా అన్న ప్రశ్న వెనుకబడింది. దానితో ఏమి నేర్చుకోవాలన్నదే ఇప్పటి ప్రశ్న.

హైదరాబాదు పాతబస్తీలో తెలుగును ద్వితీయభాషగా చదివే విద్యార్థులలో పలువురి ఇంటిభాష ఉర్దూ. కళాశాల గేటు దాటితే వారికి తెలుగు మాట్లాడే అవకాశం తక్కువ. ‘కల’కూ ‘కళ’కూ, ‘పడి’కీ ‘పాడి’కీ గల భేదం పుస్తకంలో కంటికి కనిపిస్తుంది గాని చెవికి వినిపించదు. అధ్యాపకుడు వాటిని పలికి స్వరసందేశంగా పంపితే విద్యార్థి పదిసార్లు వినవచ్చు. తాను పలికి తిరిగి పంపవచ్చు. నలుగురిలో తప్పు పలుకుతానేమోనని నోరు విప్పని విద్యార్థికి ఇది ధైర్యాన్నిస్తుంది. ఇంట్లో నాయనమ్మ ఉర్దూలో చెప్పిన పాత ముచ్చటను తెలుగులో ఐదు వాక్యాలుగా రాసి బృందంలో ఉంచితే, అది ఒకేసారి భాషాభ్యాసమూ, చరిత్ర సేకరణా అవుతుంది.

అయితే ఇదే సాధనం ప్రాణాలు తీసిన సందర్భమూ పాతబస్తీకి తెలుసు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి ఫోన్ల ద్వారా వ్యాపించింది. ఆ నెలలోనే చాంద్రాయణగుట్టలో, భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని పిల్లలను ఎత్తుకుపోయేవారన్న అనుమానంతో గుంపు కొట్టి చంపింది. వదంతిని పుట్టించినవారు ఒకరో ఇద్దరో కావచ్చు. దానిని చదివి, నిజమో కాదో విచారించకుండా ఇతరులకు పంపినవారు అనేకులు. వారిలో చదువుకొన్నవారు లేరని అనగలమా? అక్షరాలు కూడబలుక్కోవడం వేరు, చదవడం వేరు అని ఈ విషాదం చెబుతున్నది.

ఆ ఏడు జులైలో వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపకుండా పరిమితి పెట్టింది. అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారి రెమా రాజేశ్వరి మరొక మార్గం ఎంచుకొన్నారు. పోలీసులు గ్రామాలకు వెళ్లి, డప్పులతో, పాటలతో వదంతులను నమ్మవద్దని ప్రచారం చేశారు. అనుమానం కలిగించే సందేశాలను ప్రజలు తమకు చూపి, నిజానిజాలు తెలుసుకొనే ఏర్పాటు చేశారు. కేరళలోని కన్నూరు జిల్లాలో నకిలీ వార్తలను గుర్తించే విధానాన్ని ప్రభుత్వ పాఠశాలల్లోనే బోధించారు. పరిమితి చేతిని మాత్రమే ఆపుతుంది. విద్య బుద్ధిని మేల్కొల్పుతుంది.

ఈ విద్య మన సాహిత్యానికి కొత్త కాదు. అచ్చు రాకముందు కావ్యాలు తాళపత్రాలపై ఒక చేతి నుంచి మరొక చేతికి నకళ్లుగా సాగాయి. ఒక లేఖకుడు అక్షరం జారవిడిచాడు. మరొకడు తనకు నచ్చిన పద్యాన్ని చేర్చాడు. ఆ చేర్పులను ప్రక్షిప్తాలు అంటారు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో ప్రచురించడానికి ముందు పలు ప్రతులను సేకరించి, పండితుల సాయంతో సరిపోల్చాడు. ఒక్క ప్రతిని చూసి ఇదే కవి మాట అని తీర్మానించలేదు. చేతులు మారుతూ మనకు చేరిన సందేశం కూడా అటువంటి నకలే. దానిని చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మొదట చెప్పినవారు ఎవరు? ఎప్పుడు, ఎక్కడ చెప్పారు? ఆధారమేమిటి? మరొకచోట ఈ విషయం ఎలా ఉన్నది?

ఉదాహరణకు, “1908 మూసీ వరదకు ఉస్మాన్‌సాగర్ తెగిపోవడమే కారణం” అని ఒక సందేశం వచ్చిందనుకొందాం. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తిన మాట నిజం. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్న మాటా నిజమే. కాని ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. అటువంటి వరద మళ్లీ రాకూడదనే దానిని నిర్మించారు. పన్నెండేళ్ల తరువాత పూర్తయిన జలాశయం ముందే ఎలా తెగుతుంది? సగం నిజంతో కలిసి వచ్చిన అబద్ధాన్ని రెండు తేదీలు పట్టి ఇచ్చాయి. విద్యార్థులు ఈ తప్పును తాము కనిపెట్టి, సరిచేసిన వాక్యాన్ని తెలుగులో రాసి బృందంలో ఉంచినప్పుడు, పాఠం విన్నవారు పాఠం చెప్పేవారవుతారు.

కొన్ని జాగ్రత్తలు అవసరం. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న కుటుంబాలు ఉన్నాయి. పగలు తండ్రితో పాటు పనికి వెళ్లే ఫోను రాత్రికి గాని విద్యార్థి చేతికి రాదు. కనుక బృందంలో ఉంచిన ప్రతి పాఠమూ తరగతిలో నల్లబల్లపైన కూడా ఉండాలి. విద్యార్థినుల ఫోను నంబర్లు, ఫొటోలు వారి అనుమతి లేకుండా బయటికి పోరాదు. ఒకరి ఉచ్చారణ దోషం పదిమందికి నవ్వులాట కారాదు. బృందం తరగతి గదికి తోడే గాని, దానికి బదులు కాదు.

నిజం నిలకడమీద తెలుస్తుంది అని పెద్దలమాట. ఫోనుకు నిలకడ లేదు. అది మనిషి చూపవలసిన గుణం. సందేశం అందిన క్షణానికీ, దానిని ఇతరులకు పంపే క్షణానికీ నడుమ విద్యార్థి ఆగి ఒక్క ప్రశ్న వేసుకొంటే, అతడు నేర్చిన చదువు ఆ క్షణంలో పనిచేసినట్లే. ఆ ప్రశ్న ఒక్కొక్కప్పుడు ఒక ప్రాణాన్ని కూడా కాపాడగలదు.

ప్రశ్నలు

1. పత్రిక, రేడియోలకూ సామాజిక మాధ్యమాలకూ గల ముఖ్య భేదమేమిటి?
2. తాళపత్ర ప్రతుల పరిశీలనకూ, సందేశాల పరిశీలనకూ గల పోలికను వివరించండి.
3. మీకు ఇటీవల అందిన ఒక సందేశాన్ని పాఠంలోని నాలుగు ప్రశ్నలతో పరిశీలించి, మీ నిర్ణయాన్ని పది వాక్యాలలో రాయండి.