వకీలు గుమ్మానికి దారి చూపేదెవరు?

మన తెలంగాణ కోర్టుల్లో నేటికీ ఉర్దూ మాటలు వినిపిస్తూనే ఉంటాయి. వకీలు, వకాలత్‌నామా, పేషీ, దావా, జామీను... నిజాం కాలంలో కోర్టు భాష ఉర్దూ కావడం వల్ల నిలిచిపోయిన మాటలివి. వీటిలో 'వకాలత్' అరబ్బీ మాట. మన పనిని నమ్మకంతో మరొకరికి అప్పగించడమని దాని అర్థం. ఆ అప్పగింతను మోసేవాడే వకీలు. కోర్టు ఆవరణలో వినిపించే మరో మాట 'దళారి'. అదీ అరబ్బీ నుంచి వచ్చిందే. 'దలాల్' అంటే దారి చూపేవాడు. మాట మంచిదే. కాని, ఊరి నుంచి వచ్చిన అమాయకుణ్ణి బస్టాండులోనే పట్టుకుని, ఫలానా వకీలు దగ్గరకు తీసుకెళ్ళి, వాటా పుచ్చుకునే మనిషికి ఆ పేరు స్థిరపడిపోయింది.

నేడు ఈ రెండు మాటల మధ్య ఒక కొత్త ఉద్యోగం వచ్చి నిలబడింది. ఖిల్లా ఘణపూర్ వంటి మండల కేంద్రాల నుంచి డిగ్రీ, ఎంబీఏ చదివి హైదరాబాదు చేరిన మన పిల్లలకు ఐటీ కంపెనీలే కాదు, పెద్ద లా ఫర్మ్‌లు కూడా కొలువులిస్తున్నాయి. ఆ ఉద్యోగం పేరు మార్కెటింగ్, బిజినెస్ డెవలప్‌మెంట్. పేరు వినగానే తల్లిదండ్రులకు సందేహం. "సబ్బులు, బియ్యం అమ్మినట్టు న్యాయం కూడా అమ్ముతారా మౌల్వీ సాబ్? ఆ జీతం హలాలేనా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మాత్రం ఆ ఉద్యోగి చేసే పనిని బట్టి ఉంటుంది.

చట్టం గీసిన గీత

మన దేశంలో వకీళ్ళు 1961 నాటి అడ్వకేట్స్ చట్టానికి, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలకు లోబడి ఉండాలి. ఆ నియమాల్లో 36వది ముఖ్యమైనది. వకీలు కేసుల కోసం ఎవరినీ అర్థించరాదు, ప్రచారం చేసుకోరాదు. కరపత్రాలు, పత్రికా ప్రకటనలు, దళారులు, ఏదీ కుదరదు. తాను వాదిస్తున్న కేసుల సందర్భంగా తన ఫోటో అచ్చు వేయించుకోవడమూ నిషిద్ధమే. గుమ్మానికి తగిలించే బోర్డు తగుమాత్రం సైజులో ఉండాలి. మాజీ జడ్జినని గాని, బార్ సంఘం అధ్యక్షుణ్ణని గాని ఆ బోర్డుపై రాసుకోకూడదు.

బొంబాయి మేజిస్ట్రేటు కోర్టుల దగ్గర కొందరు వకీళ్ళు కక్షిదారుల కోసం ఎగబడుతున్నారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1975లో జస్టిస్ కృష్ణయ్యర్ తన తీర్పులో, న్యాయవాద వృత్తిని వ్యాపారంగా చూడరాదని గట్టిగా చెప్పారు. 2008లో నియమం కొంత సడలింది. వకీలు తన పేరు, చిరునామా, ఫోన్ నంబరు, నమోదు వివరాలు, విద్యార్హతలు, పనిచేసే రంగాలు వెబ్‌సైటులో పెట్టుకోవచ్చు. అంతకు మించితే తప్పే. ఆన్‌లైన్ సంస్థల ద్వారా ప్రచారం చేసుకునే వకీళ్ళపై చర్య తీసుకోవాలని 2024 జూలైలో మద్రాసు హైకోర్టు ఆదేశించింది.

అన్ని దేశాల్లో ఇలాగే ఉందనుకోరాదు. అమెరికాలో 1977లో సుప్రీంకోర్టు తీర్పుతో వకీళ్ళ ప్రకటనలకు దారి తెరచుకుంది. ఇంగ్లండులో సొలిసిటర్లకు 1984లో అనుమతి లభించింది. లా ఫర్మ్ మార్కెటింగ్ అనే ఉద్యోగం ఆ దేశాల్లో పెరిగి మన దగ్గరకు వచ్చింది. అందుకే అక్కడి పద్ధతులన్నీ ఇక్కడ చెల్లవు.

మరి అక్కడ చేసే పనేమిటి?

కొత్త చట్టం వచ్చినా, ముఖ్యమైన తీర్పు వెలువడినా, దాని సారాన్ని తేలిక మాటల్లో రాసి తమ పాత కక్షిదారులకు అందేలా చూడాలి. బ్యాంకులు, కంపెనీలు తమకు వకీళ్ళు కావాలని అడిగినప్పుడు ఫర్మ్ అనుభవాన్ని వివరిస్తూ ప్రతిపాదన తయారు చేయాలి. లండన్ నుంచి వెలువడే ఛాంబర్స్, లీగల్ 500 వంటి జాబితాలకు వివరాలు పంపాలి. సదస్సులు ఏర్పాటు చేయాలి. కొత్త కక్షిదారు వచ్చినప్పుడు అతని ప్రత్యర్థి ఇప్పటికే తమ కక్షిదారు అవునో కాదో వకీళ్ళు ముందుగా తేల్చుకోవాలి. అందుకు కావలసిన రికార్డు సక్రమంగా ఉంచాలి. భాష మీద పట్టు, ఓపిక, లెక్క తప్పని గుణం ఉన్నవారికి తగిన పని ఇది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ వచ్చిన మన పిల్లలకు ఇందులో రాణించే అవకాశం ఉంది.

గుట్టు కాపాడటం అన్నిటికంటే పెద్ద బాధ్యత. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 132వ సెక్షన్ ప్రకారం కక్షిదారు చెప్పిన రహస్యాన్ని వకీలు బయటపెట్టరాదు. ఆ కట్టుబాటు వకీలు దగ్గర పనిచేసే ఉద్యోగులకూ వర్తిస్తుంది. ఫర్మ్ గొప్ప చెప్పుకోవడానికి కక్షిదారు విషయాలను అతని అనుమతి లేకుండా వాడుకుంటే అమానత్‌లో ఖయానత్ చేసినట్టే.

రెండు ప్రశ్నలు

ఇటువంటి ఉద్యోగంలో చేరే పిల్లలు ముందుగా జీతం ఎలా ఇస్తారని అడగాలి. నెల జీతమైతే మంచిదే. "తెచ్చిన ప్రతి కేసుకూ ఫీజులో ఇంత వాటా" అంటే అక్కడ ఆగిపోవాలి. వకీలు కాని వ్యక్తితో ఫీజు పంచుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. కమీషన్ కోసం కేసులు తెచ్చేవాణ్ణి చట్టం దళారిగానే చూస్తుంది. 2024 సెప్టెంబరు 30 నుంచి అమలులోకి వచ్చిన 45ఏ సెక్షన్ ప్రకారం కోర్టులు దళారుల జాబితా ప్రకటించవచ్చు. జాబితాకెక్కిన తర్వాత కూడా ఆ పని చేస్తే మూడు నెలల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. సూటు బూటు వేసినంత మాత్రాన పని స్వభావం మారదు.

రెండో ప్రశ్న మన కుటుంబాలు వేయవలసినది. రోడ్డు ప్రమాదమో, భూమి తగాదానో వచ్చిన ఇంటికి "మా వకీలు ఉన్నాడు, వచ్చే పరిహారంలో సగం ఇస్తే చాలు" అంటూ ఎవరైనా వస్తే ఏం చేయాలి? కేసు ఫలితంపై వాటా మాట్లాడుకోవడం వకీలుకు నిషిద్ధమని తెలిసి ఉంటే ఆ మనిషిని గుమ్మం దగ్గరే ఆపవచ్చు. తెలియకపోతే భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు పిల్లల నోటి ముందు కూడు మరొకరికి రాసిచ్చినట్టవుతుంది.

అసలు దారి వేరే ఉంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. దాని 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తారు. భరణం గాని, మహర్ గాని, ఆస్తిలో వాటా గాని కోరే మన ఆడబిడ్డలందరూ దీనికి అర్హులే. 15100 నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. 2016లో వనపర్తి జిల్లా అయింది. ఇప్పుడు జిల్లా కోర్టు కూడా అక్కడే ఉంది గనుక ఖిల్లా ఘణపూర్ వారు ఈ సహాయం కోసం మహబూబ్‌నగర్ దాకా పోనక్కరలేదు.

విచారకరమేమంటే, దళారికి నోరు పెద్దది, ఉచిత న్యాయ సహాయానికి నోరు చిన్నది. చదువుకున్న మన పిల్లలు ఏ ఫర్మ్‌లో పనిచేసినా, పండుగకు ఊరు వచ్చినప్పుడు ఈ నాలుగు ముక్కలు మొహల్లాలో చెప్పాలి. అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు, ఏ నియమమూ అడ్డు రాదు. ప్రతిఫలం ఆశించకుండా దారి చూపినప్పుడే 'దలాల్' అనే మాటకు దాని మొదటి అర్థం తిరిగి వస్తుంది.