రైతు ఫోనులో బ్రౌజరు: ఎన్నిక, అమరిక, జాగ్రత్త

పూర్వము భూమి వివరములు కావలసిన రైతు పట్వారీ యొద్దకును, పసుపు ధర తెలియవలసినవాడు నిజామాబాదు గంజునకును, అప్పు సంగతి తెలియవలసిన సభ్యుడు సంఘ కార్యాలయమునకును నడచి పోవుచుండెను. ఇప్పుడీ పనులలో పెక్కు చేతిలోని ఫోను మీదనే జరుగుచున్నవి. భూమి రికార్డులకై 2020 అక్టోబరులో ధరణియు, దాని స్థానమున 2025 ఏప్రిల్ 14వ తేదీన భూభారతియు వచ్చినవి. పి.యం. కిసాన్ క్రింద ఏటా మూడు వాయిదాలుగా వచ్చు 6,000 రూపాయల స్థితిని ఇంటనే కూర్చుండి చూడవచ్చును. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్ల కెక్కించుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో పథకమును మంజూరు చేసినది.

ఈ పనులలో చాల వానికి ద్వారము బ్రౌజరు. కొందరు దీనిని తెలుగున విహారిణి యనుచున్నారు. మనము కోరిన చిరునామాకు పోయి, అచటి పుటను తెచ్చి మన కన్నుల యెదుట నుంచు సాధనమే బ్రౌజరు. అది మన తరఫున సంతకు పోయివచ్చు మనిషి వంటిది. అట్టి మనిషిని గూర్చి మనము విచారింపవలసినవి రెండు. మొదటిది, వాడు మనము చెప్పిన యింటికే పోవుచున్నాడా? ఇది భద్రత. రెండవది, మన యింటి సంగతులను దారిలో నితరులకు చెప్పుచున్నాడా? ఇది గోప్యత. ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా, పట్టా వివరములు ఒక్క ఫోనులోనే యున్న యీ దినములలో ఈ రెండింటిని విచారింపని రైతు తన పంట సొమ్మునకు కంచె వేయనివాడే యగును.

బ్రౌజరు నెన్నుకొనుట

ఆండ్రాయిడ్ ఫోనులలో సాధారణముగా క్రోమ్ ముందే యుండును. దీనిని గూగుల్ సంస్థ 2008లో వెలువరించెను. ఆపిల్ ఫోనులలో సఫారీ యుండును. ఫైర్‌ఫాక్స్ అనునది మొజిల్లా యను లాభాపేక్ష లేని ప్రతిష్ఠానమునకు చెందినది, 2004లో వెలువడినది. దీనిని తెలుగున వాడుకొన వీలుండుట మనవారికి సౌకర్యము.

వీనిలో నొకదాని నెన్నుకొనునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని చేసినవారెవరు? వారికి ఆదాయ మెట్లు వచ్చుచున్నది? దోషములు బయటపడినపుడు వెంటనే సరిచేయుచున్నారా? గూగుల్ ఆదాయములో నధికభాగము ప్రకటనల వలన వచ్చును. కాబట్టి జనుల యభిరుచులు తెలిసికొనుట దానికి లాభకరము. మొజిల్లాకు సైతము ఆదాయములో పెద్దభాగము గూగుల్ శోధనను తన బ్రౌజరులో ముందుంచినందుకు వచ్చు రుసుమే. అయినను, వెంటాడు సాధనములను అడ్డుటలో ఫైర్‌ఫాక్స్ ముందంజ వేసినది. దోషములను త్వరగా సరిచేయుటలో పై మూడును నమ్మదగినవే.

ఊరు పేరు తెలియని బ్రౌజరులను, వేగముగా పనిచేయుననియు డేటా మిగులుననియు చెప్పుటచేతనే నమ్మరాదు. దీనికి మన దేశమునందే దృష్టాంతము కలదు. తక్కువ ధర ఫోనులలో యు.సి. బ్రౌజరు ఒకప్పుడు మన దేశమున విరివిగా వాడబడెను. కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమునకు చెందిన సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు 2015లో దానిని పరీక్షించి, వాడుకరి యున్న తావు, ఫోను గుర్తింపు సంఖ్యలు, వెదకిన మాటలు మొదలగునవి తగిన రక్షణ లేకుండ బయటకు పోవుచున్నవని ప్రకటించిరి. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో ఇదియు నొకటి. డేటా మిగిలెనని సంతోషించినవారికి తమ వివరములు కారిపోవుచున్నవని యేండ్లకొలది తెలియలేదు.

మరియు ప్రాతబడి దిద్దుబాట్లు నిలిచిపోయిన బ్రౌజరు తలుపు విరిగిన గాదె వంటిది. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరరు 2022 జూన్‌తో విరమింపబడినది. ఏ నెట్ సెంటరులోనైనను అది యింకను కనబడినచో దానిపై ధన వ్యవహారము చేయకుడు.

కుక్కీ యనగా నేమి?

బ్రౌజరును అమర్చుకొనుటకు ముందు కుక్కీ యను మాట తెలియవలెను. పసుపు బస్తాలతో మార్కెట్టునకు పోయిన రైతుకు వాకిట నొక చీటీ నిత్తురనుకొందము. లోపల నే కాంటా యొద్దకు పోయినను ఆ చీటీ చూపిన చాలును, సరకు ఎవరిదో తెలియును. వెబ్‌సైటు మన బ్రౌజరునకిచ్చు నిట్టి చీటీయే కుక్కీ. నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మోంటుల్లీ 1994లో దీనిని కల్పించెను. ఇది లేనిచో ప్రతి పుటకు మరల పేరును రహస్యపదమును చెప్పవలసివచ్చును. కాబట్టి కుక్కీ తనంతట చెడ్డది కాదు.

చిక్కు వేరొకచోట నున్నది. అంగడికి సంబంధింపని మూడవవాడొకడు ప్రతి అంగడిలోను ఒక మూల కూర్చుండి, వచ్చినవారికెల్ల తన సొంత చీటీ నిచ్చుచున్నాడనుకొనుడు. ఉదయము ఎరువుల అంగడిలో, మధ్యాహ్నము మందుల అంగడిలో, సాయంకాలము షావుకారి యింట మీ చీటీని చూచి, మీరెక్కడెక్కడ తిరిగితిరో వ్రాసికొనును. ఇట్టి దానినే మూడవ పక్షపు కుక్కీ, అనగా థర్డ్ పార్టీ కుక్కీ యందురు. పంట పోయి అప్పునకై వెదకిన రైతునకు తరువాత నే పుట తెరచినను అప్పు యాప్‌ల ప్రకటనలే కనబడుట ఇందువలననే. ఇక్కట్టులో నున్నవానిని గుర్తించి వాని యెదుటనే వల పన్నుటకు ఈ చీటీలు తోడ్పడును.

వీనిని ఫైర్‌ఫాక్స్ 2019 నుండి, ఎరిగిన వెంటాడు సంస్థల మట్టుకు, తనంతట అడ్డుచున్నది. సఫారీ 2020లో పూర్తిగా ఆపినది. క్రోమ్‌లో వీనిని తొలగించెదమని గూగుల్ 2020లో చెప్పి, 2024లో ఆ యూహను విడిచి, నిర్ణయమును వాడుకరులకే వదలెను. కాబట్టి క్రోమ్ వాడు సభ్యుడు ఈ పని తానే చేసికొనవలెను.

అమర్చుకొను విధము

బ్రౌజరు పైభాగముననో క్రిందనో కనబడు మూడు చుక్కలను నొక్కిన సెట్టింగులు అను మాట వచ్చును. అందు గోప్యత, భద్రత అను శీర్షికయు, సైటు సెట్టింగులు అను శీర్షికయు ఉండును. పదములు కొంత మారినను క్రింది యమరికలు అచటనే దొరకును.

1. మూడవ పక్షపు కుక్కీలను ఆపివేయవలెను. ఫైర్‌ఫాక్స్‌లో నైనచో వెంటాడుట నుండి రక్షణ అమలులో నున్నదో లేదో చూచుకొనవలెను.

2. ఎల్లప్పుడు సురక్షిత కనెక్షన్ అను మీటను వేయవలెను. దీనివలన బ్రౌజరునకును సైటునకును మధ్య మాటలు మూసిన కవరులో పోయినట్లు పోవును.

3. క్రోమ్‌లో సురక్షిత బ్రౌజింగ్‌ను ఆపకుండ నుంచవలెను. ఎరిగిన మోసపు పుటలు ఎదురైనపుడు ఎఱ్ఱని పుటతో హెచ్చరించునది ఇదియే. ఆ హెచ్చరికను దాటి పోరాదు.

4. సూచనలు, అనగా నోటిఫికేషన్లు పంపుటకు సైట్లు అనుమతి కోరుటయే వలదని అమర్చవలెను. ఫోనులో వైరస్ చేరినదనియు, బహుమతి వచ్చినదనియు మాటిమాటికి తోచు మాటలు చాలవరకు ఎన్నడో తెలియక ఇచ్చిన ఈ యనుమతి ఫలమే.

5. తావు, కెమెరా, మైకు అను మూడింటికి ప్రతిసారి అడిగిన పిమ్మటనే అనుమతి నిచ్చునట్లు అమర్చవలెను. వాతావరణము చూచుటకు తావు కావలసివచ్చును గాని మైకు అక్కరలేదు.

6. దిద్దుబాట్లు తమంతట వచ్చునట్లు ప్లే స్టోరులో అమర్చుకొనవలెను.

రహస్యపదములను ఫోను బ్రౌజరులో దాచవచ్చునా యని కొందరడుగుదురు. ఫోనునకు తెర తాళము ఉన్నచో దాచవచ్చును. అందువలన నొక మేలును కలదు. బ్రౌజరు ఆ పదమును అసలు చిరునామాలోనే నింపును. పోలికగల నకిలీ పుటలో నింపదు. ఎప్పుడును తనంతట నింపు బ్రౌజరు ఒకనాడు నింపకున్నచో, చేత నింపుటకు ముందు చిరునామాను చూడుడు.

చిరునామాను కుడివైపు నుండి చదువుట

పై యమరికలన్నియు కలిసినను ఈ యొక్క యలవాటునకు సరిరావు. మన సిరికొండ నిజామాబాదు జిల్లాలోనిది; ఆదిలాబాదు జిల్లాయందును సిరికొండ యను మండలము కలదు. కవరుపై సిరికొండ యని మాత్రము చూచి పంపిన ఉత్తరము వేరొక సిరికొండకు పోవచ్చును. ఏ జిల్లాయో తెలుపు చివరి పంక్తియే దాని దారిని నిర్ణయించును. వెబ్ చిరునామాయు నట్టిదే. మొదటి యేటవాలు గీత వచ్చువరకే చిరునామా. అచట నాగి కుడి నుండి యెడమకు చదువవలెను.

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల చిరునామాలు సాధారణముగా డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగియును. గవ్ అనగా జీ, ఓ, వీ అను మూడక్షరములు. పీయంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్ అనునది అసలైనది. పీయంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ సహాయము డాట్ కామ్ అని యొకటి వచ్చెననుకొనుడు. ముందుభాగము చూచినవాడు మోసపోవును. కుడి నుండి చదివినవానికి అది సహాయము డాట్ కామ్ అను నెవరిదో యిల్లని తెలియును. ఫోను తెర చిన్నదగుటచే చిరునామా సగమే కనబడును. దానిపై వ్రేలుంచి పూర్తిగా చూడవలెను.

బ్యాంకుల విషయమున నొక మేలైన మార్పు వచ్చినది. రిజర్వు బ్యాంకు ఉత్తరువు ప్రకారము బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా తమ చిరునామాలను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అను ముగింపునకు మార్చుకొనవలసియుండెను. ఈ ముగింపును బ్యాంకులకు మాత్రమే యిత్తురు. ఇచ్చు అధికారము హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థది. కాబట్టి బ్యాంకు పేరుతో వచ్చిన పుట ఈ ముగింపు లేనిదైనచో, బ్యాంకు శాఖలో విచారించిన తరువాతనే ముందునకు పోవలెను.

తాళపు గుర్తును చూచి నమ్ముట పెద్ద పొరపాటు. ఉత్తరము దారిలో నెవరును చదువలేరని మాత్రమే అది చెప్పును. అందుకొనువాడు మంచివాడని చెప్పదు. దొంగ యింటికి పంపిన కవరునకు లక్క ముద్ర వేసిన నేమి లాభము? నకిలీ సైట్లును ఈ తాళమును ఉచితముగా సంపాదింపగలవు. ఇందుచేతనే క్రోమ్ 2023లో ఆ గుర్తును తీసివేసినది.

బ్యాంకు సహాయపు నంబరును వెదకునపుడును ఇట్టి జాగ్రత్తయే కావలెను. శోధనలో మొదట వచ్చునవి రుసుము చెల్లించిన ప్రకటనలు కావచ్చును. నంబరును పాసుబుక్కు మీదనో, కార్డు వెనుకనో చూచుకొనుట మేలు. పి.యం. కిసాన్ పేర వాట్సాప్‌లో వచ్చు ఏ.పి.కె. అను తోకగల ఫైలును ఎన్నడును తెరువరాదు. అది యాప్ రూపమున ఫోనులో చొరబడి ఓ.టి.పి.లను సైతము చదువగలదు.

నెట్ సెంటరులోను, ఇతరుల ఫోనులోను

ఇతరుల యంత్రముపై పని చేయవలసినపుడు అజ్ఞాత కిటికీని తెరచి, పని ముగిసిన వెంటనే లాగౌటు చేసి కిటికీని మూయవలెను. రహస్యపదమును దాచమందువా యని బ్రౌజరడిగిన వలదనవలెను. దించుకొన్న పహాణీ, ఆధారు నకళ్లను తుడిచివేయవలెను. అజ్ఞాత కిటికీ మూసినను అవి యంత్రములో నిలిచియే యుండును.

అజ్ఞాతమను పేరును చూచి మోసపోరాదు. అది ఆ యంత్రములో జాడ మిగులకుండ చేయును గాని, మీరు చూచిన సైటునకును, ఇంటర్‌నెట్ ఇచ్చు సంస్థకును మిమ్ము దాచదు. ఈ విషయమై గూగుల్‌పై 2020లో అమెరికాలో దావా పడగా, అజ్ఞాత కిటికీలలో సేకరించిన ప్రాత వివరములను నశింపజేయుటకు ఆ సంస్థ 2024లో సమ్మతించెను.

మోసము జరిగినచో

సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను చోట ఫిర్యాదు వ్రాయవలెను, బ్యాంకునకు తెలుపవలెను. సొమ్ము ఒక ఖాతా నుండి మరియొక దానికి మారకమునుపే పట్టవలసియుండుటచే గడియలు విలువైనవి. సిగ్గుపడి దాచినచో నష్టము పెరుగును. ఇరుగుపొరుగు వారును అదే వలలో పడుదురు.

ఏ యమరికయు ఓ.టి.పి.ని స్వయముగా చెప్పినవానిని కాపాడలేదు. అయినను పై యారు మీటలను సరిచేయుటకు పావుగంట చాలును. కుడి నుండి చదువుట అలవడుటకు నాలుగు దినములు చాలును. తెలిసిన సభ్యుడు తెలియని సభ్యుని ఫోనును సరిచేసి, వాని చేతనే రెండు చిరునామాలు చదివింపవలెను. విత్తనములు పంచుకొన్నట్లే ఈ యెరుకను పంచుకొనుటయు సహకారమే. రానున్న సర్వసభ్య సమావేశమునకు ప్రతి సభ్యుడు తన ఫోనును తెచ్చుకొని, అచటనే ఈ పని ముగించుకొని పోవుట లెస్స.