వ్యవసాయ వ్యాపారంలో యువత: శిక్షణ నుండి లాభసాటి సంస్థ వరకు

వ్యవసాయ పట్టభద్రులను, గ్రామీణ యువతను ఉద్యోగార్థులుగానే కాక ఉపాధి కల్పించేవారుగా తీర్చిదిద్దాలన్న లక్ష్యం దేశంలో రెండు దశాబ్దాలుగా అమలులో ఉంది. కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2002 ఏప్రిల్‌లో వ్యవసాయ క్లినిక్‌లు, వ్యవసాయ వ్యాపార కేంద్రాల పథకాన్ని ప్రారంభించింది. హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ (మేనేజ్) శిక్షణ బాధ్యతను, నాబార్డ్ రాయితీ బాధ్యతను నిర్వహిస్తున్నాయి. అభ్యర్థులకు 45 రోజుల ఉచిత వసతి శిక్షణ, ఆ తరువాత కొంతకాలం మార్గదర్శకత్వం లభిస్తాయి. అయితే ఇలా శిక్షణ పొందిన వారిలో సొంత సంస్థను నెలకొల్పినవారు సగానికి తక్కువే. శిక్షణకూ సంస్థకూ నడుమ ఉన్న ఈ దూరాన్ని తగ్గించడమే విస్తరణ శాస్త్రవేత్తల ముందున్న ప్రధాన కర్తవ్యం.

ఈ దూరానికి పెట్టుబడి లేమి ఒక్కటే కారణం కాదు. ఏ వ్యాపారం, ఎవరి కోసం, ఎంత పరిమాణంలో నడిపితే లాభం వస్తుందో రుణం తీసుకోవడానికి ముందే తేల్చుకోకపోవడం అంతకంటే బలమైన కారణం. ఈ అంశాన్ని తెలుగు రాష్ట్రాలలో సుపరిచితమైన మిరప నారు పెంపకం ఉదాహరణగా పరిశీలించవచ్చు.

ఉదాహరణ: ప్రోట్రేలలో మిరప నారు

గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాలలో మిరప విస్తారంగా సాగవుతుంది. సంకరజాతి విత్తనం ఖరీదైనది కావడంతో నేలపై మడులలో చల్లి విత్తనాన్ని వృథా చేసుకోవడం కంటే, షేడ్‌నెట్ కింద కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేలలో గదికొక విత్తనం చొప్పున వేసి పెంచిన నారు రైతుకు మేలు. మొక్కలు ఒకే విధంగా పెరుగుతాయి, వేళ్ళు తెగవు. పురుగులు చొరబడని సన్నని వల కట్టినప్పుడు ఆకుముడుత వైరస్‌ను వ్యాపింపజేసే తెల్లదోమ నుండి లేత నారుకు రక్షణ లభిస్తుంది. ఈ పనికి సాంకేతిక పరిజ్ఞానం, నిత్య పర్యవేక్షణ అవసరం. కనుక వ్యవసాయ, ఉద్యాన విద్య అభ్యసించిన యువతకు ఇది సహజంగా అమరే వ్యాపారం.

60×60 సెంటీమీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 11,200 మొక్కలు పడతాయి. 98 గదుల ట్రేలలో పెంచితే, అన్నీ మొలిచాయనుకున్నా ఎకరాకు 115 ట్రేలు కావాలి. నారు నాటడానికి సిద్ధం కావడానికి 35 నుండి 40 రోజులు పడుతుంది. వ్యాపార ప్రణాళికకు పునాది ఈ సాంకేతిక వివరాలే.

లాభనష్ట రహిత స్థాయిని లెక్కించే విధానం

విధానం అర్థం కావడానికి కొన్ని ఊహాజనిత అంకెలను తీసుకోవచ్చు. వాస్తవ ధరలు ప్రాంతాన్ని, సంవత్సరాన్ని బట్టి మారుతాయి. రైతే విత్తనం తెచ్చి ఇస్తే ఒక మొక్కను పెంచి ఇచ్చినందుకు 1 రూపాయి వసూలవుతుందనీ, కొబ్బరి పొట్టు, కూలీ, ఎరువులు, సస్యరక్షణ, ట్రేల అరుగుదల కలిపి మొక్కకు 60 పైసలు ఖర్చవుతుందనీ అనుకుందాం. అప్పుడు ప్రతి మొక్క నుండి స్థిర వ్యయాలకు మిగిలేది 40 పైసలు.

ఏడాదికి రుణ వాయిదాలు, వడ్డీ 1,20,000 రూపాయలు. స్థలం కౌలు, షేడ్‌నెట్ మరమ్మతులు 60,000 రూపాయలు అనుకుంటే స్థిర వ్యయం 1,80,000 రూపాయలు. దీనిని 40 పైసలతో భాగిస్తే 4,50,000 మొక్కలు, అంటే సుమారు 40 ఎకరాలకు సరిపడే నారు అమ్ముడైతే ఖర్చులు గిట్టుతాయి. చాలా ప్రణాళికలు ఇక్కడితో ఆగిపోతాయి. నిర్వాహకుని శ్రమకు విలువ కట్టకపోవడమే ఇందులోని లోపం. అతడు నెలకు 15,000 రూపాయల వేతనం తీసుకోవాలంటే స్థిర వ్యయం 3,60,000 రూపాయలకు చేరుతుంది. అప్పుడు 9,00,000 మొక్కలు, అంటే సుమారు 80 ఎకరాల నారు అమ్మాలి. 40 ఎకరాల దగ్గర లాభనష్టాలు లేనట్లు కనిపించిన వ్యాపారంలో నిజానికి ఆ యువకుడు ఏడాది పొడవునా జీతం లేకుండా పనిచేశాడన్నమాట.

అరువు అమ్మకాల ప్రభావం ఇంకా తీవ్రమైనది. అమ్మిన నారులో 10 శాతానికి డబ్బు వసూలు కాలేదనుకుంటే మొక్కకు సగటు రాబడి 90 పైసలకు తగ్గుతుంది. ఖర్చు మాత్రం 60 పైసలుగానే ఉంటుంది. మిగులు 40 నుండి 30 పైసలకు పడిపోతుంది. ఫలితంగా 12,00,000 మొక్కలు, అంటే సుమారు 107 ఎకరాల నారు అమ్మితేగాని ఖర్చులు గిట్టవు. పదో వంతు బాకీలు నిలిచిపోతే అమ్మకాలు మూడో వంతు పెరగవలసి వస్తుంది. నారు బుక్ చేసుకునేటప్పుడే కొంత మొత్తం, మొక్కలు తీసుకువెళ్ళేటప్పుడు మిగతా మొత్తం వసూలు చేసే నియమాన్ని మొదటి ఏడాదే పాటించడం ఇందుకే అవసరం.

కాలం, సామర్థ్యం

మిరప నాట్లు ప్రధానంగా ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జరుగుతాయి. ఈ స్వల్ప వ్యవధిలో రెండు దఫాలుగా 9,00,000 మొక్కలు అందించాలంటే దఫాకు సుమారు 4,600 ట్రేలు ఉండాలి. మొదటి దఫా నారును రైతులు సకాలంలో తీసుకువెళ్ళకపోతే రెండో దఫాకు చోటు, ట్రేలు దొరకవు. వానలు ఆలస్యమైతే నారు ముదురుతుంది. అందుచేత ఆ తరువాతి నెలలలో టమాట, వంగ, క్యాబేజి, బంతి నారు పెంచి ఏడాది పొడవునా షేడ్‌నెట్‌ను వాడుకునే ప్రణాళిక తప్పనిసరి. 2021-22లో నల్ల తామర పురుగుల ఉధృతికి రెండు రాష్ట్రాలలోనూ మిరప తీవ్రంగా దెబ్బతిన్నది. ఒకే పంటపై ఆధారపడిన నర్సరీకి అటువంటి ఏడాది తరువాత ఎదురయ్యే ప్రమాదాన్ని వేరుగా చెప్పనక్కరలేదు.

విత్తనాన్ని ఎవరు సమకూర్చాలన్నది మరొక నిర్ణయం. నర్సరీయే విత్తనం కొంటే మొక్క ధర ఎక్కువగా వస్తుంది, కానీ నిర్వహణ మూలధనం పెరుగుతుంది, మొలక రాకపోతే బాధ్యతా తన మీదే పడుతుంది. రైతు విత్తనం తెస్తే పెట్టుబడి తగ్గుతుంది. ఏ పద్ధతిలోనైనా విత్తన లాట్ సంఖ్య, విత్తిన తేదీ, మొలక శాతం రాసి ఉంచడం, బిల్లు ఇవ్వడం వివాదాలను నివారిస్తుంది.

పథకాలను ఎంచుకోవడం

2018 సవరణ మార్గదర్శకాల ప్రకారం వ్యవసాయ క్లినిక్‌ల పథకంలో వ్యక్తిగత ప్రాజెక్టుకు 20 లక్షల రూపాయల వరకు, బృంద ప్రాజెక్టుకు కోటి రూపాయల వరకు రుణంపై రాయితీ వర్తిస్తుంది. సాధారణ అభ్యర్థులకు 36 శాతం, మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి 44 శాతం రాయితీ ఉంటుంది. 20 లక్షల ప్రాజెక్టుపై ఇది వరుసగా 7.2 లక్షలు, 8.8 లక్షలు. అయితే ఈ మొత్తం చేతికి వచ్చే నగదు కాదు. రుణ ఖాతాలో చివరన సర్దుబాటయ్యేది. రాయితీని మొదటి ఏడాది ఖర్చులకు లెక్కవేసుకున్నవారు కొబ్బరి పొట్టు కొనవలసిన రోజునే డబ్బుకు ఇబ్బంది పడతారు. తాకట్టు పెట్టినది కుటుంబ భూమి అయినప్పుడు ఈ అవగాహనా లోపానికి మూల్యం కుటుంబమంతా చెల్లించవలసి వస్తుంది.

నూతన సాంకేతికతతో ముందుకు వచ్చేవారికి మార్గం వేరు. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద రఫ్తార్ కార్యక్రమం ఆలోచన దశలో 5 లక్షలు, ఆరంభ దశలో 25 లక్షల రూపాయల వరకు గ్రాంటు సహాయానికి అవకాశం కల్పించింది. రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీకి చెందిన ఎ-ఐడియా, వ్యవసాయ విశ్వవిద్యాలయపు అగ్రిహబ్, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వ్యాపార పోషణ కేంద్రం ఇటువంటివారికి తోడ్పడుతున్నాయి. పరీక్షించని ఆలోచనకు గ్రాంటు, నిరూపితమైన వ్యాపారానికి బ్యాంకు రుణం తగినవి. ఈ రెంటినీ తారుమారు చేసుకుంటే కాలయాపన తప్పదు.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

మొదటిది, గిరాకీ సర్వే. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో గ్రామాలకు వెళ్ళే చివరి సంవత్సరం విద్యార్థులు ఒక మండలంలో మిరప విస్తీర్ణం ఎంత, రైతులు నారు ఎక్కడ కొంటున్నారు, ఏ ధరకు, నగదా అరువా అన్న వివరాలు సేకరిస్తే పై లెక్కలోని 80 ఎకరాలు ఆ ప్రాంతంలో సాధ్యమా కాదా ముందే తెలుస్తుంది.

రెండవది, కొనుగోలుదారులతో అనుసంధానం. 2020లో ప్రారంభమైన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం కింద మైదాన ప్రాంతపు సంఘంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. సభ్యునికి అర ఎకరం చొప్పున మిరప వేసినా 150 ఎకరాల నారు అవసరమవుతుంది. ఇటువంటి ఒక్క సంఘంతో ముందస్తు ఒప్పందం కుదిరితే కొత్త నర్సరీ భవిష్యత్తు చాలావరకు స్థిరపడుతుంది.

మూడవది, శిక్షణానంతర సహచర్యం. మొదటి రెండు సీజన్లలో కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త నెలకొకసారి నారు ఆరోగ్యంతో పాటు ఖాతా పుస్తకాన్నీ పరిశీలించాలి. తెగులును తొలి దశలో గుర్తించినట్లే పేరుకుపోతున్న బాకీలనూ తొలి దశలోనే గుర్తించవచ్చు.

ముగింపు

యువత శిక్షణ కార్యక్రమాల నివేదికలలో శిక్షితుల సంఖ్య మొదటి వరుసలో కనిపిస్తుంది. మూడేళ్ళ తరువాత కూడా నడుస్తున్న సంస్థలెన్ని, వాటి నిర్వాహకులు తమకు వేతనం తీసుకోగలుగుతున్నారా అన్న వివరాలను కూడా నమోదు చేస్తే కార్యక్రమాల వాస్తవ ఫలితం తెలుస్తుంది. లెక్క సరిపోని చోట యువకుణ్ణి రుణం తీసుకోకుండా ఆపడం కూడా విస్తరణ సేవే. లెక్క సరిపోయిన చోట అతనికి బ్యాంకు, రైతు సంఘం, విశ్వవిద్యాలయం మూడూ అండగా నిలిచినప్పుడే వ్యవసాయ వ్యాపారం యువతకు నిలకడైన జీవనోపాధి అవుతుంది.