వేడినీళ్ల రాడ్డుకు చిన్న ప్లగ్గు చాలదు

ఓల్టేజి పడిపోయిన పూట రాడ్డు పెట్టిన నీళ్లు ఎంతకీ కాగవు. ‘రాడ్డు పోయింది, కొత్తది తెండి’ అనేస్తాం. కాస్త ఆగండి. ముందు పిల్లల పలక తీసుకుని చిన్న లెక్క వేద్దాం. పలకలకు పేరుపడ్డ మార్కాపురం వైపు వాళ్లం, ఇంట్లో పలకకేం కొదవ!

రాడ్డు మీద 230 ఓల్టులు, 1500 వాట్లు అని రాసుంటుంది. వాట్లను ఓల్టులతో భాగిస్తే కరెంటు వస్తుంది: ఆరున్నర ఆంపియర్లు. 230ని ఈ ఆరున్నరతో భాగిస్తే 35 ఓములు. అదే రాడ్డులోని తీగ నిరోధం. జర్మనీలో ఓమ్ అనే మాస్టారు 1827లో అచ్చువేసిన సూత్రమిది. ఈ 35 పెద్దగా మారదు. మారేదల్లా ఓల్టేజే.

అది 180కి దిగిందనుకోండి. 180ని 35తో భాగిస్తే 5.1 ఆంపియర్లు. ఈ రెంటినీ గుణిస్తే 918 వాట్లు. చూశారా, ఓల్టేజి తగ్గింది అయిదో వంతు, వేడి తగ్గింది మూడో వంతుకు పైనే! ఇరవై నిమిషాల్లో కాగే బకెట్టుకు అరగంట దాటుతుంది. పాపం, రాడ్డు తప్పేమీ లేదు.

అసలు భయం ఓల్టేజి నిండుగా ఉన్నప్పుడే. ఆరున్నర ఆంపియర్లన్నాం కదా, చిన్న ప్లగ్గు తట్టుకునేది ఆరే, పాతవైతే అయిదే. అందులో పెడితే పిన్నులు నల్లబడి మాడువాసన వస్తుంది. ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గులోనే పెట్టండి. సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే వద్దు. స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకేశాకే నీళ్లలో వేలు పెట్టి చూడండి.

ఫ్రిజ్జు, నీళ్ల మోటారు సంగతి వేరు. ఓల్టేజి తగ్గితే అవి కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతాయి. ఆ పూట వాటిని ఆపేయడమే మేలు.