కృత్రిమ కీలు చుట్టూ ఇన్ఫెక్షన్: ఒకే పేరు, వేర్వేరు జబ్బులు

మోకీలు మార్పిడి చేయించుకున్న మనిషికి కొన్నేళ్ల తర్వాత కాలు వాచి, ఎర్రబడి, జ్వరం తగిలితే ఇంట్లో మొదట వినిపించే మాట "లోపల పెట్టిన ఇనుము ఒంటికి పడలేదు" అని. తర్వాతిది "మంచి పవర్ ఉన్న యాంటీబయాటిక్ రాయించుకుంటే తగ్గిపోతుంది" అని. అది పనిచేయకపోతే "ఇన్ఫెక్షన్ వచ్చిందంటే మొత్తం తీసేయాల్సిందే" అంటారు. ఈ మూడు మాటలకూ ఒకదానితో ఒకటి పొసగదు. కానీ మూడింటి అడుగునా ఉన్న అపోహ ఒక్కటే: కృత్రిమ కీలు చుట్టూ వచ్చే ఇన్ఫెక్షన్ అంతా ఒకే జబ్బు, కాబట్టి దానికి మందూ ఒకటే. అది నిజం కాదు. ఒకే కంపెనీ కీలు, ఒకే రకం బాక్టీరియా ఉన్న ఇద్దరిలో ఒకరికి కీలు నిలబెట్టుకునే అవకాశం ఉంటుంది, రెండోవారికి ఉండదు. ఆ తేడా ఎక్కడుందో ముందే పట్టుకోవడానికి వైద్యులు ఇన్ఫెక్షన్లను వర్గాలుగా విడగొడతారు. చికిత్స మొదలయ్యేది అక్కడే.

మొదట "పడలేదు" అన్న మాట సంగతి. ఈ కీళ్లను కోబాల్ట్-క్రోమ్, టైటానియం, పాలిథిలిన్ వంటి వాటితో చేస్తారు. లోహానికి అలర్జీ రావడం అరుదు, వచ్చినా అది చీము పట్టించదు. చీముకు కారణం బాక్టీరియా, చాలావరకు మన చర్మం మీదా ముక్కులోనూ ఉండే స్టాఫిలోకాకస్ జాతులే. మొదటిసారి కీలు మార్పిడి చేయించుకున్నవారిలో సుమారుగా నూటికి ఒకరిద్దరికి ఈ ఇబ్బంది వస్తుంది. అయితే జనం మాటలో కొంత నిజం లేకపోలేదు. లోహం శత్రువు కాకపోయినా శత్రువుకు ఆశ్రయమిస్తుంది. 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు వాలంటీర్ల చర్మం కింద స్టాఫిలోకాకస్‌ను ఎక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము పుట్టడానికి లక్షల్లో బాక్టీరియా కావాల్సి వచ్చింది. అక్కడే ఒక కుట్టుదారం ఉంచితే వందల్లో ఉన్నా సరిపోయింది. దారానికే అంత మహిమ ఉంటే, రక్తప్రసారం లేని అంత పెద్ద లోహపు ముక్క సంగతి ఊహించుకోవచ్చు.

లోహానికి అంటుకున్న బాక్టీరియా ఊరికే ఉండదు. తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది, దాన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ పొరలో ఉన్న క్రిములు నెమ్మదిగా బతుకుతాయి. విడిగా తేలే క్రిములను చంపే మోతాదుకు ఎన్నో వందల రెట్లు ఎక్కువ మందు తగిలినా అవి తట్టుకుంటాయి. ల్యాబ్ రిపోర్టులో "ఈ మందు పనిచేస్తుంది" అని రాసేది విడిగా తేలే క్రిముల మీద చేసిన పరీక్షను బట్టి. అందుకే పవర్ ఉన్న మాత్ర వేసుకుంటే వాపు తగ్గుతుంది, ఆపిన కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. దీనివల్ల జరిగే అసలు నష్టం వేరే ఉంది. కీలులోంచి నీరు తీసి కల్చర్‌కు పంపేలోపే మాత్రలు మింగితే క్రిమి ల్యాబ్‌లో మొలవదు, శత్రువెవరో తెలియకుండా పోతుంది. మనిషి ప్రాణాపాయ స్థితిలో లేకపోతే, పరీక్షకు ముందు కనీసం రెండు వారాలు యాంటీబయాటిక్ ఆపమని వైద్యులు చెప్పేది ఇందుకే.

అయితే మందు గొప్పతనంతో కేసులు నయమైన దాఖలాలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. 1998లో స్విట్జర్లాండ్‌కు చెందిన జిమ్మర్లీ బృందం ప్రచురించిన ప్రయోగంలో సిప్రోఫ్లాక్సాసిన్‌తో రిఫాంపిసిన్ కలిపి కోర్సు పూర్తిచేసిన 12 మందీ కోలుకున్నారు. రిఫాంపిసిన్ లేకుండా పూర్తిచేసిన 12 మందిలో ఏడుగురే కోలుకున్నారు. కానీ ఆ ప్రయోగంలోకి ఎవరిని తీసుకున్నారో చూడాలి. ఇంప్లాంట్ కదలకుండా గట్టిగా ఉన్నవారు, లక్షణాలు మొదలై మూడు వారాలు దాటనివారు. అందరికీ ముందు ఆపరేషన్ చేసి శుభ్రం చేశారు. అంటే ఆ మందు గెలిచింది ఒక వర్గంలో. ఆ వర్గం బయట అదే మందును, అందులోనూ ఒంటరిగా వాడితే క్రిమి త్వరగా నిరోధం తెచ్చుకుంటుంది. క్షయకు రిఫాంపిసిన్ ప్రధాన మందు అయిన మన దేశంలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

వర్గీకరణకు వెన్నెముక కాలం. 1996లో అమెరికాలో సుకయామా బృందం తుంటి కీలు ఇన్ఫెక్షన్లను నాలుగుగా విడగొట్టింది: వేరే కారణంతో మళ్లీ ఆపరేషన్ చేస్తున్నప్పుడు తీసిన ముక్కల్లో అనుకోకుండా క్రిమి బయటపడడం, ఆపరేషన్ అయిన నెలలోపు వచ్చేది, రక్తం ద్వారా హఠాత్తుగా చేరేది, నెల దాటాక నెమ్మదిగా ముదిరేది. మొదటిదానికి యాంటీబయాటిక్ చాలు. రెండు, మూడు రకాల్లో కీలు తీయకుండా తెరిచి, పాడైన కణజాలం తొలగించి, మధ్యలోని ప్లాస్టిక్ భాగాన్ని మార్చి కాపాడే ప్రయత్నం చేయవచ్చు. నాలుగోదానికి సాధారణంగా కీలు తీయక తప్పదు. ఇక్కడే చాలామంది తడబడతారు. ఆపరేషన్ అయి పదేళ్లయింది కదా, ఇన్ఫెక్షన్ కూడా పాతదే అనుకుంటారు. పదేళ్లు హాయిగా నడిచిన మనిషికి షుగర్ వల్ల పాదానికి పుండు పడి, అందులోని క్రిమి రక్తంలో చేరి, మూడు రోజుల కిందట మోకీలు వాచిందనుకోండి. కీలు పాతదే గానీ ఇన్ఫెక్షన్ వయసు మూడు రోజులు. వెంటనే వస్తే కీలు దక్కవచ్చు. ఆపరేషన్ అయి ఎనిమిది నెలలే అయినా మొదటి రోజు నుంచీ నొప్పి తగ్గని మనిషిలో ఉన్నది ముదిరిన ఇన్ఫెక్షన్ కావచ్చు. లెక్కపెట్టాల్సింది ఆపరేషన్ తేదీ నుంచి మాత్రమే కాదు, లక్షణం మొదలైన రోజు నుంచి కూడా.

ఈ గీతలు ఎవరో తోచినట్టు గీసినవే కదా అన్నది గట్టి అభ్యంతరం. నిజమే, సుకయామా నెల అన్నాడు. జిమ్మర్లీ, ట్రాంపుజ్, ఓక్స్‌నర్ 2004లో మూడు నెలలు, 24 నెలలు అన్నారు. ఇరవై తొమ్మిదో రోజున సన్నగా ఉన్న బయోఫిల్మ్ ముప్పై ఒకటో రోజున గోడగా మారిపోదు. కానీ కీలు తెరవకుండా ఆ పొర ఎంత ముదిరిందో కొలిచే పరికరం లేదు, కాలమే దానికి దొరికే ఆనవాలు. ఆనవాలు ఒక్కటే చాలదని గుర్తించబట్టే తర్వాతి వర్గీకరణలు మనిషినీ లెక్కలోకి తెచ్చాయి. మెక్‌ఫెర్సన్ పద్ధతి ఇన్ఫెక్షన్ రకంతో పాటు రోగి ఆరోగ్యాన్నీ, కాలి చర్మం, కండరాల స్థితినీ విడివిడిగా గ్రేడ్ చేస్తుంది. 2020లో జర్మనీ నుంచి వచ్చిన పద్ధతి క్యాన్సర్ స్టేజింగ్ నమూనాలో ఇంప్లాంట్-కణజాలం, క్రిమి, రోగి ఇతర జబ్బులు అని మూడు అక్షరాలతో రాస్తుంది. రద్దీగా ఉండే ఓపీలో అది బరువైన పనేగానీ, అదుపు తప్పిన షుగర్‌తో ఉన్న మనిషినీ ఆరోగ్యంగా ఉన్న మనిషినీ ఒకే గాట కట్టని ఏ పద్ధతైనా మేలే.

"సీఆర్‌పీ నార్మల్, కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు" అన్నది చదువుకున్నవారి అపోహ. మందకొడి క్రిములు ఒంట్లో వాపును చూపే ఈ రక్తపరీక్షను కదిలించకుండానే కీలును వదులు చేయగలవు. భుజం కీలులో తరచూ కనిపించే క్యూటిబాక్టీరియం అనే క్రిమి కల్చర్‌లో మొలవడానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. అందుకే ఆపరేషన్‌లో వేర్వేరు చోట్ల అయిదారు ముక్కలు తీసి పంపుతారు, ఒకే క్రిమి రెండింటిలో మొలిస్తే నమ్ముతారు. చర్మానికి రంధ్రం పడి అది కీలు దాకా వెళ్తుంటే మాత్రం ఏ రిపోర్టూ అక్కర్లేదు, అది ఇన్ఫెక్షనే. ఆ రంధ్రం మీద దూదిపుల్లతో తీసిన నమూనా మాత్రం లోపలి క్రిమిని చెప్పదు.

కీలు తీయాలన్నాక "రెండు ఆపరేషన్లెందుకు, బిల్లు కోసమే కదా" అన్న అనుమానం వస్తుంది. పాత కీలు తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముక్కను కొన్ని వారాలు ఉంచి, తర్వాత కొత్తది పెట్టడం రెండు దశల పద్ధతి. అంతా ఒకేసారి చేయడమూ ఉంది. హాంబర్గ్‌లో బుక్‌హోల్జ్ 1970లలోనే దాన్ని స్థిరపరిచాడు. బ్రిటన్, స్వీడన్‌లలో 140 మంది తుంటి రోగుల మీద జరిగిన ఇన్‌ఫార్మ్ ప్రయోగంలో 18 నెలల తర్వాత నొప్పిలోనూ కదలికలోనూ రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ప్రశ్న సబబే. కానీ క్రిమి ఎవరో ముందే తెలియాలి, దానికి లొంగే మందు ఉండాలి, చర్మం, ఎముక బాగుండాలి. అవి లేనిచోట ఒకే దశకు పట్టుబట్టడం సాహసం.

మందు ఎన్నాళ్లు, ఏ దారిన అన్నదీ ఇంతే. సెలైన్‌లో ఎక్కిస్తేనే పనిచేస్తుందన్న నమ్మకాన్ని 2019లో బ్రిటన్‌లో 1,054 మందిపై జరిగిన ఒవివా ప్రయోగం సడలించింది. చికిత్స విఫలమైనవారు ఇంజెక్షన్ల వర్గంలో 14.6 శాతం, మాత్రల వర్గంలో 13.2 శాతం. వ్యవధి విషయంలో మాత్రం పొదుపు కలిసిరాలేదు. 2021లో ఫ్రాన్స్‌లో చేసిన ప్రయోగంలో ఆరు వారాలు వాడినవారిలో 18.1 శాతం మందికి ఇన్ఫెక్షన్ పోలేదు, పన్నెండు వారాలు వాడినవారిలో అది 9.4 శాతం. ఆ తేడా ఎక్కువగా కనిపించింది కీలు తీయకుండా శుభ్రం చేసి ఉంచినవారిలోనే.